మేకుకు తగిలించిన యజమాని

డెబ్బై ఎనిమిదేళ్ళ జీవితంలో సౌనా లోపల విన్న మాట ఒక్కటి కూడా నేను గుమ్మం దాటించలేదు. ఈ సంగతి ఎవరి ముందైనా, ఎంత గట్టిగానైనా చెప్పగలను. సౌనా అంటే, కాలిన రాళ్ళ మీద నీళ్ళు పోసి, మెట్లలాంటి బల్లల మీద కూర్చుని ఆవిరి పట్టే మా స్నానాల గది. ఇంత నోరున్నవాడు ఇంత గుట్టుగా ఎలా ఉంటాడో అని మా ఆవిడ బతికున్న రోజుల్లో ఆశ్చర్యపోయేది. ఒకసారి ఒక బిషప్పుగారు మా ఊరి సౌనాలో పై మెట్టు మీద కూర్చుని, చిన్నప్పుడు తాను ఎవరి బాతును దొంగిలించాడో, ఏ పొద చాటున కాల్చుకు తిన్నాడో చెప్పి కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. అది మా మేనత్త బాతు. అయినా ఆ సంగతి నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు మీకు చెప్పింది లెక్కలోకి రాదు. మీరు మా ఊరివాళ్ళు కారు.

నా పేరు ఓయివా రిత్కొనెన్. మా ఊళ్ళో బడి ఆరో తరగతితో అయిపోయేది. ఏడోది చదవాలంటే సరస్సు దాటాలి. పడవేమో మా నాన్న వలలకు కావాలి. అందుకని నాకు తెలిసిన చట్టమంతా సౌనా చట్టమే. అది చాలా చిన్నది. లోపలికి వెళ్ళేటప్పుడు బట్టలు విప్పాలి, బట్టలతోపాటు హోదా కూడా విప్పాలి. లోపల అన్న మాట లోపలే ఉండిపోవాలి. అంతే. పార్లమెంటువాళ్ళు రాసే చట్టాలు దీనికన్నా చాలా పొడుగు, కానీ వాటివల్ల ఒళ్ళు శుభ్రపడినవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

మా ఊళ్ళో ఉద్యోగం అంటూ ఉంటే అది అర్వో పెక్కరినెన్ బేకరీలోనే. అక్కడ చేసేది చేపరొట్టె. రై ధాన్యపు పిండిని సాగదీసి, మధ్యలో వేలెడేసి చేపలు, పంది కొవ్వు పేర్చి, నాలుగువైపులా మూసేసి, బట్టీలో పెట్టి ఆరు గంటలు మరిచిపోవాలి. ఒకటి తిన్నవాడికి సాయంత్రం దాకా మాట్లాడబుద్ధి కాదు. మా ఊరివాళ్ళ మితభాషిత్వానికి కారణం గాంభీర్యమని పట్నంవాళ్ళు పుస్తకాల్లో రాస్తారుగాని, అసలు కారణం అరుగుదల.

నేను ఆ బట్టీకి ముప్ఫై ఒక్క ఏళ్ళు కట్టెలు వేశాను. పింఛను మొదలయ్యాక కూడా అర్వో నన్ను వదల్లేదు. ప్రతి శుక్రవారం పని దిగేసరికి బేకరీ సౌనా వేడెక్కించి ఉంచడం నా వంతు. ముందు ఆడవాళ్ళు, తరవాత మగవాళ్ళు. నా జీతం వారానికో చేపరొట్టె, పై మెట్టు మీద కిటికీ పక్కన చోటు. ఆ చోటుకోసం మా ఊళ్ళో మనుషులు దశాబ్దాలు కాచుక్కూర్చుంటారు. నాకు ముందు అక్కడ కూర్చున్న పెద్దాయన పోయినప్పుడు నేను నిజంగానే ఏడ్చాను. ఏడుస్తూనే పైకెక్కి కూర్చున్నాను.

అర్వో చెడ్డవాడు కాడు. నిజాయితీపరుడు. అతనితో వచ్చిన చిక్కంతా అదే. అబద్ధాలాడేవాడితో బేరం కుదురుతుంది. అంగుళం కూడా అటూ ఇటూ జరగనివాడితో మాట్లాడడమంటే గోడకు కుర్చీ వేసి కూర్చోబెట్టి మాట్లాడడమే. సోమవారం నుంచి శుక్రవారం దాకా అతను యజమాని. శుక్రవారం సాయంత్రం ప్యాంటు విప్పి సౌనా ముందుగదిలో తన మేకుకు తగిలించాడా, ఇక అతను వట్టి అర్వో. మళ్ళీ ప్యాంటు తొడుక్కునేదాకా యజమాని అన్న పిలుపుకు పలకడు. ఒకసారి పిండి బస్తాల గదిలో నిప్పంటుకుందని ఎవరో పరిగెత్తుకొచ్చి, "యజమానిగారూ!" అని కేక పెడితే, అటూ ఇటూ చూసి, "ఆయన ఇక్కడ లేడు" అన్నాడు. బస్తాలు నేనే ఆర్పాను.

ఇక ఇస్మో. ఇస్మో కుఓస్మనెన్, యాభై ఏడేళ్ళవాడు, ఆ బేకరీలో ఇరవై ఆరేళ్ళు పిండి కలిపాడు. పిండి గదిలో దుమ్ము లాగే ఫ్యాను ఒకటుండేది. రెండేళ్ళ కిందట ఒక పొద్దున అది మూలిగి ఆగిపోయింది. ఆ తరవాత ఇస్మో దగ్గడం మొదలుపెట్టాడు. మొదట మామూలు దగ్గే. కొన్నాళ్ళకు వాడు దగ్గితే అలమరలో కప్పులు గలగలలాడేవి. చివరికి వాడు దగ్గితే సరస్సు అవతలి ఒడ్డున కుక్కలు మొరిగేవి. వాడి భార్య సిర్పా వాణ్ణి కారులోకి తోసి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. పిండి దుమ్ము వల్ల వచ్చిన ఉబ్బసమని డాక్టరు కాగితం రాసిచ్చాడు. ఇస్మో దాన్ని నాలుగు మడతలు పెట్టి స్పూన్ల సొరుగులో దాచాడు.

ఇంకోచోట అయితే మనిషి ఆ కాగితం పట్టుకుని యజమాని గదిలోకి వెళ్ళి బల్ల మీద కొడతాడు. మావాడు అలా చెయ్యడు. పనివేళలో పని కానిదేదైనా మాట్లాడడమంటే మావాళ్ళకు పదిమంది భోంచేస్తున్న బల్ల దగ్గర కాలిగోళ్ళు కత్తిరించుకున్నంత సిగ్గు. మనసులో మాట చెప్పుకోవడానికి ఒకటే చోటు. అక్కడ వాడు వరసగా ఐదు శుక్రవారాలు చెప్పాడు. ఏం చెప్పాడో నేను చెప్పను. నా గుట్టు సంగతి ముందే విన్నవించాను. "అర్వో, ఆ ఫ్యాను చచ్చిపోయింది, నాకు ఊపిరాడటం లేదు" అన్నాడని మీ అంతట మీరు ఊహించుకుంటే నేను కాదనలేను. అర్వో "ఊఁ" అని రాళ్ళ మీద ఇంకో గరిటెడు నీళ్ళు పోశాడని కూడా మీరే ఊహించుకోండి.

మార్చి నెల, ఒక సోమవారం పొద్దున్న ఇస్మో ఏప్రన్ విప్పి కొక్కేనికి తగిలించాడు.

"చాలు," అన్నాడు.

"సరే," అన్నాడు అర్వో.

ఇరవై ఆరేళ్ళ ఉద్యోగం రెండు మాటల్లో ముగిసింది. మా ఊళ్ళో ఇంతకన్నా పెద్ద గొడవ నాకు గుర్తున్నంతలో జరగలేదు.

ఆ రాత్రి భోజనం కాకముందే సిర్పా కంప్యూటరు తెరిచి నిరుద్యోగ భృతికి దరఖాస్తు నింపడం మొదలుపెట్టింది. నేను అప్పుడు అక్కడే ఉన్నాను. అప్పిచ్చిన రంపం తెచ్చుకుందామని వెళ్ళాను. కాఫీ అయ్యేదాకా కూర్చోక తప్పలేదు, మూడు కప్పులు.

మా దేశం దయగల దేశం. ఉద్యోగం ఊడితే భృతి ఇస్తుంది. కానీ ఉద్యోగాన్ని నువ్వే ఊడబెరుక్కుంటే నలభై అయిదు రోజులు ఉపవాసం పెడుతుంది, బుద్ధొస్తుందని. మానేయడానికి తగిన కారణం చూపిస్తే ఆ ఉపవాసం ఉండదు. కారణం ఉంటే సరిపోదు. దాన్ని ముందుగా యజమానికి చెప్పి, బాగుచేసుకునే అవకాశం ఇచ్చి ఉండాలి.

"ఏమయ్యా, 'పనిలో లోపం గురించి యజమానికి తెలియజేశారా?' అంటోంది ఇది. అవునా, కాదా?" అంది సిర్పా.

"అవును."

"'ఎప్పుడు?'"

"శుక్రవారాలు."

"'ఎక్కడ?'"

"సౌనాలో."

సిర్పా కీబోర్డు మీంచి చేతులు తీసేసింది. "ఏం మనిషివయ్యా నువ్వు! ప్రభుత్వానికి సౌనా అని రాస్తావా?"

"మరి అబద్ధం రాయమంటావా?"

"ఓయివా బాబాయ్, నువ్వయినా చెప్పు ఈ మనిషికి."

"నేనేం చెప్పనమ్మా, నేను రంపం కోసం వచ్చాను," అన్నాను.

సౌనా అనే రాశారు. డాక్టరు కాగితం సొరుగులోంచి తీసి, మడతలు సాపు చేసి, ఫోటో తీసి పంపారు. ఉపాధి కార్యాలయంవాళ్ళు పద్ధతి ప్రకారం అర్వోని అడిగారు. అర్వో కూడా పద్ధతి ప్రకారం ఒకే వాక్యం రాసి పంపాడు. "కుఓస్మనెన్ ఈ విషయం యజమానికి ఎన్నడూ చెప్పలేదు."

రెండు వారాలకు ఇస్మోకి లేఖ వచ్చింది. తగిన కారణం లేకుండా ఉద్యోగం వదిలినట్టు నిర్ణయించబోతున్నామని, చెప్పుకోవలసింది ఏమైనా ఉంటే వారంలోగా చెప్పుకోవాలని అందులో ఉంది. అదే రోజు ఇంకో లేఖ కూడా వచ్చింది. కంప్యూటరు అతని అనుభవాన్నంతటినీ జల్లెడపట్టి, అతనికి నూటికి తొంభై ఆరుపాళ్ళు సరిపోయే ఉద్యోగం ఒకటి వెతికిపెట్టిందట, వెంటనే దరఖాస్తు చెయ్యాలట. ఉద్యోగం పిండి కలపడం. యజమాని అర్వో పెక్కరినెన్. మిగిలిన నాలుగుపాళ్ళు ఊపిరితిత్తులై ఉంటాయని నా అంచనా.

నేను రెండోసారి రంపం కోసం వెళ్ళినప్పుడు ఇస్మో వంటింట్లో ఆ లేఖ ముందేసుకుని కూర్చున్నాడు. మనిషి రెండు వారాల్లో పదేళ్ళు పెరిగాడు.

"నలభై అయిదు రోజులేగా రా," అన్నాను. "సరస్సులో చేపలున్నాయి, నేలమాళిగలో బంగాళాదుంపలున్నాయి. ఎవడూ చావడు."

"డబ్బు గురించి కాదు బాబాయ్." వేలు పెట్టి చూపించాడు. "ఇది చూడు. 'తగిన కారణం లేకుండా.' ఇది అలా ఉండిపోతుంది. నేను పోయాక కూడా ఎక్కడో కంప్యూటర్లో ఉంటుంది. ఇరవై ఆరేళ్ళు ఒక్కరోజు ఆలస్యంగా వెళ్ళలేదు నేను. ఏదో ఒక పొద్దున్న సరదా పుట్టి మానేశానన్నమాట. పనీపాటా లేనివాణ్ణి."

అంత పొడుగు మాట వాడి నోట నేనెప్పుడూ వినలేదు. సిర్పా కూడా విన్నట్టు లేదు, పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా అలాగే నిలబడిపోయింది.

"నిన్ను సాక్షిగా రాశాను," అంది నావైపు తిరిగి. "వాళ్ళు ఫోన్ చేస్తారు. శుక్రవారాలన్నీ నువ్వు అక్కడే ఉన్నావుగా."

"సౌనాలో విన్నది నేను..."

"తెలుసు బాబాయ్. నువ్వు చెప్పవని తెలుసు. అయినా రాశాను."

ఆడవాళ్ళు కేకలు వేసినప్పుడు నాకు భయం లేదు. ఇలా మెల్లగా మాట్లాడినప్పుడే భయం. రంపం మరిచిపోయి బయటికొచ్చాను.

అక్కణ్ణుంచి నేరుగా బేకరీకి వెళ్ళాను. అర్వో ఒంటరిగా పిండి కలుపుతున్నాడు. ఇస్మో చోటికి ఎవరూ దొరకలేదు. నూటికి తొంభై ఆరుపాళ్ళు సరిపోయేవాడు ఒక్కడే ఉన్నాడు మరి. మనిషి తెల్లగా పిండిబొమ్మలా ఉన్నాడు.

"ఏంటి అర్వో, నువ్వు రాసింది?" అన్నాను.

"నిజం రాశాను."

"ఇస్మో నీకు ఐదుసార్లు చెప్పాడు."

"ఎవరికి చెప్పాడు?"

"నీకు!"

"నాకు చెప్పాడు. నేను కాదనలేదే!" అన్నాడు, చేతులు దులుపుకుంటూ. "ఇస్మో అర్వోకి చెప్పాడు. వాళ్ళు అడిగింది యజమానికి చెప్పాడా అని. సౌనాలో యజమాని ఎక్కడున్నాడు ఓయివా అన్నా? ప్యాంటుతో పాటు మేకుకు వేలాడుతున్నాడు. మేకుకి వచ్చి చెప్పి ఉంటే రాసేవాణ్ణి."

"అదేం తర్కం రా?"

"తర్కం కాదు. పద్ధతి. మా నాన్న హయాం నుంచి ఉన్నదే. లోపల నేను యజమానినయితే, లోపల ఎవడైనా నన్ను తిడితే నేను ఉద్యోగంలోంచి తీసెయ్యాలి. మీ అందరికీ అప్పుడు ఇష్టమేనా?"

ఇష్టం కాదు. ఆ మాట మాత్రం నిజం. ముప్ఫై ఒక్క ఏళ్ళలో అర్వోని, వాళ్ళ నాన్నని నేను ఆ పై మెట్టు మీద ఎన్ని మాటలన్నానో, వాటికి లెక్క కట్టుంటే నేను మొదటి శుక్రవారమే ఇంటికి పోవలసినవాణ్ణి.

"నీకు మాత్రం ఊపిరాడుతోందా?" అన్నాను, తలుపు దగ్గర ఆగి.

జవాబు చెప్పబోయి దగ్గాడు. నాలుగుసార్లు. సరస్సు అవతల కుక్క ఒకటి మొరిగింది, కాస్త బద్ధకంగానే. అర్వో దగ్గు ఇంకా కొత్తది.

రెండు రోజులు కట్టెలు కొట్టాను. నాకు ఆలోచన కావలసినప్పుడు కట్టెలు కొడతాను. అందుకే నా కొట్టంలో కట్టెలు తక్కువ. ఆ రెండు రోజుల్లో మాత్రం ఒక శీతాకాలానికి సరిపడా కొట్టాను. ఒకవైపు ఇస్మో పేరు పక్కన రాసిన మూడు మాటలు. ఇంకోవైపు నా డెబ్బై ఎనిమిదేళ్ళ గుట్టు, కిటికీ పక్క చోటు. నేను గొప్పవాణ్ణని మీరనుకోకూడదు, మొదటి రోజంతా కిటికీ గురించే ఆలోచించాను.

రెండో రోజు మధ్యాహ్నం, గొడ్డలి ఒక ముడికట్టెలో ఇరుక్కుపోయి లాగుతుండగా, నాకు ఫోను మోగిన శబ్దం గుర్తొచ్చింది.

ఆ ఐదో శుక్రవారం. ఆవిరిలో మగ్గాక చల్లబడడానికి ముగ్గురం సౌనా వసారాలో కూర్చున్నాం. ఎదురుగా మంచు కప్పిన సరస్సు, ఒళ్ళు పొగలు కక్కుతోంది. అప్పుడు ముందుగదిలో, మేకుకున్న ప్యాంటు జేబులోంచి బేకరీ ఫోను మోగింది. అర్వో లేచాడు, తువ్వాలు చుట్టుకున్నాడు, ఫోను తెచ్చుకుని మా మధ్యనే కూర్చుని మాట్లాడాడు. ఫోన్ చేసింది సరస్సు మంచు మీద చేపల గాలాల పోటీ జరుపుతున్నవాళ్ళు. "చేపరొట్టెలు నలభై. వచ్చే వారం, శనివారం పొద్దున్నకి. ధర పాతదే. సరే, పెక్కరినెన్ బేకరీ మాటంటే మాటే," అన్నాడు. ఫోను పెట్టేశాడో లేదో, ఇస్మో దగ్గి, "అన్ని కలపాలంటే ముందు ఆ ఫ్యాను బాగుచేయించు. డాక్టరు కూడా రాసిచ్చాడు. నాకిక ఊపిరి లేదు," అన్నాడు. అర్వో, "పోటీ అయ్యాక చూద్దాం," అన్నాడు. సోమవారం ఇస్మో ఏప్రన్ విప్పాడు.

ఇస్మోకి ఇది ఎందుకు గుర్తు రాలేదంటారా? వాడికి వసారా కూడా సౌనాయే. అక్కడ అన్నది కూడా అక్కడే వదిలేసి ఇంటికి పోయాడు. నిజాయితీపరులతో ఇదే తంటా, తమకు పనికొచ్చే మాట కూడా దాచేస్తారు.

గొడ్డలి అక్కడే వదిలేశాను. యజమాని మేకుకు వేలాడుతుంటే, ఆ నలభై రొట్టెల ఆర్డరు ఎవరు తీసుకున్నట్టు? ప్యాంటా?

మర్నాడు ఫోన్ వచ్చింది.

"రిత్కొనెన్‌గారేనాండీ? నేను ఉపాధి కార్యాలయం నుంచి వెన్లాని మాట్లాడుతున్నాను. ఈ సంభాషణ రికార్డవుతుంది."

"మంచిదమ్మా. నేను పోయాక వినడానికి ఏదో ఒకటి ఉంటుంది."

"కుఓస్మనెన్‌గారు లోపం గురించి తెలియజేసినప్పుడు మీరు అక్కడున్నారా?"

"మార్చి ఏడో తేదీ శుక్రవారం ఉన్నాను. సౌనా వసారాలో. లోపల కాదు, అది రాసుకో తల్లీ. లోపలయితే నేను చచ్చినా చెప్పేవాణ్ణి కాదు."

"వసారా అంటే... అది పనిచోటు కిందికి వస్తుందాండీ?"

"బేకరీ గోడకే ఆనుకుని ఉంది. మేకులు కూడా బేకరీవే."

"అప్పుడు యజమాని అక్కడున్నారా?"

"అర్వో ఉన్నాడు. యజమాని ఉన్నాడా లేడా అన్నదే కదమ్మా పేచీ." ఫోను సంగతి, ఆర్డరు సంగతి పూసగుచ్చినట్టు చెప్పాను. "ఆ ఆర్డరు ఆయన పుస్తకంలో ఉంటుంది, టైముతో సహా రాస్తాడు. ఆర్డరు తీసుకున్నవాడు యజమాని అయితే, ఆ వెంటనే పక్కనుంచి వచ్చిన మాట విన్నవాడూ యజమానే. రెండు సెకన్లలో ఆయన మళ్ళీ మేకెక్కాడంటే నేను నమ్మను, ఆయనకి మోకాళ్ళ నొప్పులు."

కీబోర్డు చప్పుడు ఆగింది. "ఆ సమయంలో యజమాని... ఏ స్థితిలో ఉన్నారండీ?"

"తువ్వాలు స్థితిలో."

"తువ్వాలు అని రాసుకోమంటారా?"

"రాసుకో. నీలంది. చివర చిరుగు కూడా ఉంది."

"దీనికి ముందు కూడా చెప్పారని దరఖాస్తులో ఉంది. ఆవిరి గది లోపల. దాని గురించి మీకేమైనా తెలుసాండీ?"

అక్కడ ఆగిపోవలసింది. వసారా దాకా వస్తే చాలు, నా గుట్టు గుట్టుగానే ఉండేది, ఇస్మో పనీ అయ్యేది. కానీ ముప్ఫై ఏళ్ళుగా ఎవరూ నన్ను ఇంత మర్యాదగా, రికార్డు పెట్టి మరీ, "మీకేమైనా తెలుసాండీ" అని అడగలేదు. ఐదు శుక్రవారాలూ చెప్పేశాను. ఏ శుక్రవారం ఎన్ని గరిటెల నీళ్ళు పడ్డాయో, ఎన్ని ఊఁలు వచ్చాయో, ఇస్మో ఎన్నిసార్లు దగ్గాడో అన్నీ చెప్పాను. ఆ ఊపులో బిషప్పుగారి బాతు దగ్గరికి వచ్చేసరికి, "అది ఈ దరఖాస్తుకి సంబంధించిందేనాండీ?" అంది ఆ అమ్మాయి. కాదని ఒప్పుకున్నాను. కథ మొదట్లో నేను చేసిన ప్రతిజ్ఞ ఎవరికైనా ఇంకా గుర్తుంటే దయచేసి మరిచిపోండి. నేను ఎప్పుడో మరిచిపోయాను.

మర్నాడు అర్వో నా కట్టెల కొట్టం దగ్గరికి వచ్చాడు. ప్యాంటు, బెల్టు, పైన కోటు, అంటే పూర్తిస్థాయి యజమాని. చాలాసేపు నా కట్టెల వరస చూస్తూ నిలబడ్డాడు.

"బయట మాట్లాడావు," అన్నాడు.

"మాట్లాడాను."

"లోపలివి కూడా."

"లోపలివి కూడా. వాటికి నన్నేం చేసినా చెయ్యి. వసారాది మాత్రం నువ్వు కాదనలేవు."

కిందపడ్డ కట్టె ఒకటి తీసి వరసలో సర్దాడు. ఇంకోటి సర్దాడు.

"వాళ్ళు నాకు ఫోన్ చేశారు. నువ్వు నలభై రొట్టెలన్నావట."

"నలభై."

"నలభై రెండు," అన్నాడు అర్వో. "పుస్తకం చూశాను. ఆరు గంటల నలభై నిమిషాలప్పుడు, నలభై రెండు. దిద్దించాను."

నేను నోరు తెరిచి మూసుకున్నాను. నా జీవితంలో ఆ పని చాలా అరుదు.

"అంటే, ఆర్డరు తీసుకుంది నువ్వేనని చెప్పావా?"

"యజమాని తీసుకున్నాడు. తీసుకున్నాడు కాబట్టి అక్కడ ఉన్నాడు. ఉన్నాడు కాబట్టి విన్నాడు." ఒక్కసారి దగ్గాడు. "అవన్నీ నేనే కలిపాను, ఆ గదిలో. నాలుగు రోజులు. ఇరవై రెండో రొట్టె దగ్గర నాకు అర్థమైంది వాడు ఏమంటున్నాడో. కానీ అప్పటికి నేను రాసి పంపేశాను. రాసింది నిజమేననుకున్నాను. వసారా సంగతి నాకూ తట్టలేదు."

"మరి ఇప్పుడు?"

"ఇప్పుడు దిద్దాను కదా." వెళ్ళబోతూ వెనక్కి తిరిగాడు. "ఇక నుంచి నువ్వు కింది మెట్టు మీద కూర్చో ఓయివా అన్నా. ఏడాది పాటు."

"ఏడాదే? నేను జీవితాంతం అనుకున్నాను."

"జీవితాంతం అంటే నీ వయసుకి శిక్ష తక్కువైపోతుందేమోనని," అన్నాడు. అతను కూడా మా సావో ప్రాంతంవాడే, మా మాటల్లోని వంకర అప్పుడప్పుడు బయటపడుతుంది.

కింది మెట్టు సంగతి తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. అక్కడికి ఆవిరి రాదు, ఆవిరి గురించిన వార్తలు మాత్రం వస్తాయి. పై నుంచి పక్కవాళ్ళ చెమట బొట్లు బొట్లుగా పడుతుంది. మోకాళ్ళు మాత్రమే వేడెక్కుతాయి, అవీ ఒకవైపు.

ఆ తరవాతి వారం నిర్ణయం వచ్చింది. ఇస్మో స్వయంగా మా ఇంటికి తెచ్చాడు, రంపంతో సహా. లేఖను బల్ల మీద పెట్టి, తన వేలితోనే ఆ వాక్యం చూపించాడు. "యజమాని తువ్వాలు మాత్రమే ధరించి ఉన్నప్పటికీ, ఆర్డరు స్వీకరించినందువల్ల, యజమాని హోదాలో హాజరై ఉన్నట్టే పరిగణించడమైనది." నలభై అయిదు రోజుల ఉపవాసం రద్దు. ఇద్దరం చెరొక కప్పు కాఫీ తాగాం. వాడు దగ్గలేదు. మూడు వారాలుగా పిండి గది వాసన చూడలేదు కదా.

ఫ్యాను కూడా వచ్చింది, కొత్తది, మే నెలలో. అర్వో ఇస్మోని వెనక్కి రమ్మన్నాడో లేదో నేను చెప్పలేను, అది సౌనా లోపల జరిగింది. రమ్మన్నాడు, వాడు రానన్నాడు, ఊపిరితిత్తులు ఒప్పుకోవన్నాడు, ఇప్పుడు పడవల మరమ్మతు నేర్చుకుంటున్నాడు. శుక్రవారాలు మాత్రం ఇద్దరూ పై మెట్టు మీద పక్కపక్కనే కూర్చుంటారు, కిటికీ వైపు, నా చోటులో. మాట్లాడుకోరు. అప్పుడప్పుడు అర్వో, "ఎలా ఉంది?" అంటాడు. ఇస్మో ఛాతీ మీద చెయ్యి పెట్టి, "గాలి బాగానే లాగుతోంది," అంటాడు. కింది మెట్టు నుంచి నాకు అన్నీ వినబడతాయి. అర్వో ఇప్పుడు ఫోను కూడా మేకుకే వదిలేస్తాడు, మోగినా లేవడు.

ముగించే ముందు ఒక మాట ఒప్పుకోవాలి. ఈ కథలో ఒకటి నేను కల్పించాను. బాతు కాదు, బాతు నిజం. నిప్పంటుకున్న బస్తాలు కూడా నిజమే, బస్తా ఒకటే అనుకోండి. నేను కల్పించింది ఆ లేఖలో వాక్యం. తువ్వాలు, హోదా, పరిగణించడం, అవన్నీ నావి. ఆ అమ్మాయి అంత కష్టపడి రాసుకున్న తువ్వాలు ఎక్కడో ఒకచోట ఉండాలి కదా అని పెట్టాను. అసలు లేఖలో ఉన్నది మూడు మాటలు. "తగిన కారణం ఉంది." ఇస్మో దాన్ని మడత పెట్టలేదు. వాళ్ళ ఫ్రిజ్ తలుపు మీద ఉంది, వెళ్ళి చూసుకోవచ్చు.